ఇరవైరెండు గంటల రోజు

జూన్ 14

ఉట్కియాగ్విక్‌కి బయటినుంచి రోడ్డు లేదు. ఊళ్లో ఉన్నాయి, అన్నీ మట్టిరోడ్లే. ఒక్కటీ ఊరు దాటి ఇంకో ఊరికి పోదు. ఆంకరేజ్‌లో విమానం ఎక్కి ఉత్తరానికి పదకొండు వందల కిలోమీటర్ల పైన ఎగిరితే తప్ప ఇక్కడ కాలు పెట్టలేం. అలాస్కాకే కాదు, మొత్తం అమెరికాకే ఇది ఉత్తరపు కొస. అక్షాంశం 71 డిగ్రీలు దాటుతుంది. 2016 దాకా దీని పేరు బారో. ఆ ఏడు ఊరివాళ్లు ఓటు వేసుకుని ఇక్కడి మూలవాసులైన ఇన్యూపియాట్‌ల పాత పేరుని వెనక్కి తెచ్చుకున్నారు.

నేను దిగాను గానీ నా పెట్టె దిగలేదు. గమ్‌బూట్లు, మందపాటి సాక్సులు, పడుకునేటప్పుడు కళ్లకి కట్టుకునే నల్లగుడ్డ అన్నీ అందులోనే. కౌంటర్ దగ్గరున్నావిడ కంప్యూటర్‌లో చూసి "రేపు వస్తుంది" అంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలు దాకా సూర్యుడు అస్తమించని ఊళ్లో రేపు ఎప్పుడు మొదలవుతుందని అడగాలనిపించింది. అడగలేదు. పెట్టె పోగొట్టుకున్నవాడి జోకులకి ఎవరూ నవ్వరు.

నేను వచ్చిన పని ఇది. టండ్రాలో గూళ్లు పెట్టే పిట్టలు ఎప్పుడు నిద్రపోతాయి, ఎప్పుడు లేస్తాయి, ఎప్పుడు పొదుగుతాయి అని గమనించే చిన్న బృందం ఒకటి ఈ వేసవికి ఇక్కడుంది. మనుషులు నలుగురు, గూళ్లు డజన్లు. పది రోజులు చేతిసాయానికి ఇంకో మనిషి కావాలన్నారు. బరువులు మోస్తాను, వంట చేస్తాను, చెప్పిన గూటి ముందు చెప్పినంతసేపు కదలకుండా కూర్చుంటాను అని ఒప్పుకుని వచ్చాను. మూడోది అన్నిటికంటే తేలికనుకున్నాను.

బస ఊరికి ఐదారు కిలోమీటర్ల అవతల, ఒకప్పటి నౌకాదళ పరిశోధనశాల ఆవరణలో. 1947 నాటిది. పీపాని నిలువునా చీల్చి బోర్లించినట్టుండే రేకు గుడిసెలు. నా గదిలో కిటికీకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించి ఉంది, వెలుగు రాకుండా. ఎవరో పాతవాళ్లు దానిమీద గోటితో చిన్న బొక్క పొడిచారు. ఆ బొక్కలోంచి వచ్చే సన్నటి గీత నా దిండు మీద పడుతుంది.

అర్ధరాత్రి పన్నెండుకి బయటికొచ్చాను. సూర్యుడు సరిగ్గా ఉత్తరాన, అన్నిటికంటే కిందికి దిగి ఉంటాడు, ఫొటో తీద్దామని. చూస్తే ఇంకా వాయవ్యంలోనే ఉన్నాడు. బృందం నడిపే ఆవిడ గుమ్మంలో కాఫీ తాగుతోంది. "రెండున్నరకి రండి" అంది. అలాస్కా అంతటికీ దాదాపు ఒకటే గడియారం. ఈ ఊరేమో బాగా పడమటికి ఉంది. అందుకని ఇక్కడ సూర్యుడి మధ్యాహ్నం గడియారంలో రెండున్నరకి, సూర్యుడి అర్ధరాత్రి కూడా రెండున్నరకే. గడియారం అబద్ధం చెబుతుందని మొదటిరోజే తెలిసిపోయింది.

జూన్ 15

పెట్టె రాలేదు. జర్మనీ నుంచి వచ్చిన విద్యార్థి తన అదనపు గమ్‌బూట్లు ఇచ్చాడు. నా కాలికి రెండు సైజులు పెద్దవి.

టండ్రాని విమానంలోంచి చూస్తే పలకలు పరిచినట్టుంటుంది. నేల లోపల గడ్డకట్టిన మంచు చీలికలు పైమట్టిని అయిదు పలకలుగా, ఆరు పలకలుగా విడగొట్టాయి. పలకల అంచులు కాస్త మెరకగా ఉంటాయి, మధ్యలో కాలవల్లాంటి పల్లాలు. ఆ పల్లాల్లో మంచు కరిగిన నీళ్లు మోకాలి లోతు. పెద్ద బూట్లేసుకున్నవాడు ప్రతి కాలవ దగ్గరా ముందు తన కాలుని దాటించి, ఆ తర్వాత బూటుని దాటించాలి.

గూళ్లు వెతికే పద్ధతి వినడానికి ఏమీ లేదు: ఇద్దరు మనుషులు పొడవాటి తాడుని చెరోకొసా పట్టుకుని గడ్డి మీదుగా లాగుతూ నడుస్తారు. మూడోవాడు వెనక చూస్తూ వస్తాడు. తాడు దగ్గరికొచ్చేదాకా తల్లిపిట్ట కదలదు, వచ్చాక బుర్రున లేస్తుంది. లేచిన చోటుని చూపు తిప్పకుండా పట్టుకోవడమే పనితనం. రెప్ప వేస్తే పోయినట్టే. నేను మొదటి గంటలో మూడు పోగొట్టాను.

నాలుగోదాన్ని పట్టాను. అరచేతిలో సగం కూడా లేని గుంట, లోపల ఎండాకులు. నాలుగు గుడ్లు, సన్నటి కొసలన్నీ లోపలికి తిప్పి, నాలుగు రేకుల పువ్వులా. బృంద నాయకురాలు జేబులోంచి చిన్న గ్లాసు తీసి, ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి నీళ్లు పోసి, ఒక గుడ్డుని అందులోకి జార్చింది. అడుగున అడ్డంగా పడుకుంటే నిన్నో మొన్నో పెట్టింది. లోపల గాలి గది పెరిగే కొద్దీ మొద్దు కొస పైకి లేస్తుంది, తర్వాత నిలబడుతుంది, ఆఖరికి తేలుతుంది. ఇది నలభై అయిదు డిగ్రీల కోణంలో వాలి ఆగింది. "అయిదారు రోజులు" అని రాసుకుంది. గుడ్డుని తుడిచి, అదే కోణంలో, అదే చోట పెట్టింది.

ఇక్కడ ముఖ్యంగా చూసేవి నాలుగు జాతులు: సెమీపాల్మేటెడ్ శాండ్‌పైపర్, పెక్టోరల్ శాండ్‌పైపర్, రెడ్ ఫాలరోప్, లాప్‌లాండ్ లాంగ్‌స్పర్. మొదటి మూడూ తడి నేలల్లో పురుగులు ఏరుకు తినే ఉల్లంకి జాతివి. నాలుగోది పాడే పిట్ట. నలుగురి సంసారాలూ నాలుగు తీర్లు. చూడ్డానికి ఒకే టండ్రా, ఒకే సూర్యుడు. వాటి రోజులు మాత్రం ఒకటి కావు.

నాకు అప్పగించింది సెమీపాల్మేటెడ్ జంట ఒకటి. పిట్ట బరువు పాతిక గ్రాముల పైచిలుకు, అంతే. చలికాలం దక్షిణ అమెరికా ఉత్తర తీరాల్లో గడిపి, వేసవికి ఇంత దూరం వచ్చి, నాలుగు గుడ్లు పెడుతుంది. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. వాటి కాళ్లకి ముందే రంగు కడియాలు వేసి ఉన్నాయి. ఆడదానికి తెలుపు, మగదానికి పసుపు. నేను వాటిని తెల్లకడియం, పసుపుకడియం అనుకున్నాను. శాస్త్రవేత్తలు నంబరే రాస్తారు.

కడియంలో చిన్న చిప్, గూటి చుట్టూ సన్నటి తీగ యాంటెన్నా, గుడ్ల మధ్య టెంపరేచర్ కొలిచే పుల్ల. ఎవరు కూర్చున్నారో, ఎప్పుడు లేచారో అన్నీ యంత్రమే రాసుకుంటుంది. మరి నేనెందుకు? వేళ యంత్రం చెబుతుంది, వంతు మారేటప్పుడు ఏం జరిగిందో చెప్పదు. ఎవరు ముందు పిలిచారు, ఎవరు ఎటునుంచి వచ్చారు, ఎవరు లేవనన్నారు? అది చూడ్డానికి కళ్లు కావాలి.

నలభై మీటర్ల అవతల పలక అంచు చాటున బోర్లా పడుకుని స్కోప్‌లో చూశాను. రాత్రి తొమ్మిదికి, అంటే 21:00కి, దూరంగా సన్నటి కిచకిచ. పసుపుకడియం తల ఎత్తింది. తెల్లకడియం గడ్డిలోంచి పరిగెడుతూ, ఆగుతూ, మళ్లీ పరిగెడుతూ వచ్చింది. పసుపుకడియం లేచి, గూటికి వీపు పెట్టి నడుస్తూ, ఎండాకు ఒకటి ముక్కుతో తీసి పక్కకి, వెనక్కి విసిరింది. ఇంకోటి. గూడు కప్పినట్టూ లేదు, కప్పనట్టూ లేదు. అప్పటికి తెల్లకడియం గుడ్ల మీద పొట్ట ఆనించి అటూ ఇటూ ఊగుతూ సర్దుకుంటోంది. మొత్తం ఇరవై సెకన్లు. నా మోకాళ్లు రెండూ తడిసి ముద్దయ్యాయి.

జూన్ 16

పెట్టె వచ్చింది. నల్లగుడ్డ కట్టుకుని పడుకున్నా నిద్ర రాలేదు, లేచినా తెలివి రాలేదు.

ఈరోజు మగదాని వంతు 08:30కి మొదలైంది, ఆడదాని వంతు మళ్లీ 19:00కి. నిన్న తొమ్మిది, ఈరోజు ఏడు. ఆడది పదకొండున్నర గంటలు, మగది పదిన్నర. కలిపితే ఇరవైరెండు. రోజుకి రెండు గంటలు ముందుకి జరుగుతున్నారు. ఇలా పోతే పదకొండు రోజులకి మళ్లీ తొమ్మిదికే వస్తారు. పదకొండు రోజుల్లో మనకంటే ఒక రోజు ఎక్కువ బతుకుతారన్నమాట.

దీని వెనక కథని భోజనాల దగ్గర జర్మనీ కుర్రాడు చెప్పాడు. వాళ్ల దేశంలో 1960లలో యూర్గెన్ అషాఫ్ అనే ఆయన అండెక్స్ అనే ఊళ్లో నేల కింద గదులు కట్టించి, గడియారం లేకుండా, ఎండ పొడ లేకుండా మనుషుల్ని వారాల తరబడి ఉంచాడు. వాళ్లు నిద్రపోవడం, లేవడం మానలేదు. కాకపోతే వాళ్ల రోజు ఇరవై నాలుగు గంటల దగ్గర ఆగలేదు, సగటున ఇరవై అయిదుకి సాగింది. ఒంట్లో గడియారం ఉంది, కానీ అది రోజూ కాస్త తప్పుతుంది. తెల్లారి వెలుగు పడగానే సరిచేసుకుంటుంది. అలా సరిచేసే సంకేతానికి అషాఫ్ పెట్టిన పేరు త్సైట్‌గేబర్, కాలాన్ని ఇచ్చేది. అది దొరక్కపోతే గడియారం తన సొంత చాలుతో పోతూనే ఉంటుంది.

పిట్టలకి ఆ వెలుగు కళ్లలోంచే కాదు, పలచటి పుర్రె ఎముకలోంచి కూడా లోపలికి దిగుతుంది. మెదడులో పీనియల్ గ్రంథి చీకట్లో మెలటోనిన్ అనే, రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోను చేస్తుంది, వెలుగులో ఆపేస్తుంది. చీకటే లేని చోట? మామూలుగా ఆలోచిస్తే మూడు దారులు. ఏదో ఒక చిన్న గుర్తుని పట్టుకుని ఇరవై నాలుగు గంటలకే అంటిపెట్టుకోవడం ఒకటి. ఒంట్లో గడియారాన్ని దాని మానాన పోనివ్వడం రెండోది. అసలు గడియారాన్నే పక్కన పెట్టేయడం మూడోది. ఈ ఊళ్లోనే ఆ నాలుగు జాతుల మీద రేడియో ట్యాగులు పెట్టి చేసిన పరిశోధన 2013లో వచ్చింది. వీపు మీది ట్యాగు సిగ్నల్ పిట్ట కదిలితే హెచ్చుతగ్గులవుతుంది, కదలకపోతే నిలకడగా ఉంటుంది, అంతే సూత్రం. అందులో మూడు దారులూ కనబడ్డాయి. జాతిని బట్టే కాదు, ఆడా మగా అన్నదాన్ని బట్టి, పొదిగే ముందా పొదిగేటప్పుడా అన్నదాన్ని బట్టి మారాయి.

నా జంటది రెండో దారి. ఇద్దరి గడియారాలూ సూర్యుణ్ని వదిలేశాయి, ఒకదాన్నొకటి మాత్రం వదల్లేదు.

జూన్ 17

మూడో దారివాణ్ని ఈరోజు చూశాను. ముందు విన్నాను. ఖాళీ సీసా మూతి మీద ఎవరో తాళం వేసి ఊదుతున్నట్టు హూ, హూ, హూ. తలెత్తితే పెక్టోరల్ శాండ్‌పైపర్ మగది నేలకి రెండు మీటర్ల ఎత్తున నెమ్మదిగా ఎగురుతూ వస్తోంది. గొంతు కింద కొవ్వు సంచీ ఉబ్బి వేలాడుతోంది. కింద ఆడది తింటోంది. దాని నెత్తిమీదుగా పోయి, దిగి, రెక్కలు ఎత్తి దాని చుట్టూ తిరిగింది. ఆడది పట్టించుకోలేదు. ఇంకో మగది వచ్చింది. తరుముకున్నాయి. మళ్లీ హూ, హూ.

వీళ్ల సంసారంలో మగవాడికి గూటిపని లేదు. గుడ్లు, పిల్లలు అన్నీ ఆడదానివే. మగవాడికి ఉన్నది మూడు వారాల పోటీ ఒక్కటే. ఈ మూడు వారాల్లో ఎవడు నిద్రపోతే వాడు ఓడతాడు. జాన్ లెస్కూ, బార్ట్ కెంపెనార్స్ వాళ్ల బృందం ఇక్కడే మగపిట్టల మెదడు తరంగాలు రికార్డు చేసింది. 2012లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక మగపిట్ట పంతొమ్మిది రోజులు నూటికి తొంభై అయిదు వంతుల పైగా మెలకువగానే తిరిగింది. తర్వాత పిల్లల డీఎన్ఏ చూస్తే, తక్కువ నిద్రపోయిన మగవాటికే ఎక్కువమంది పిల్లలు. నిద్ర మానితే ఎవరైనా చెడిపోతారన్న నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ.

పోనీ ఇక్కడ కుదరకపోతే ఇంటికి పోతాయా అంటే, పోవు. ఉపగ్రహ ట్యాగులు పెట్టి చూస్తే 2017లో తేలింది: ఒక్క వేసవిలో కొన్ని మగపిట్టలు ఆర్కిటిక్ అంతా తిరిగి, ఇరవై నాలుగు చోట్ల దాకా ప్రయత్నించాయి. ఒకటి 13,045 కిలోమీటర్లు ఎగిరింది. అంతా నిద్ర చాలకుండానే!

నాకు మూడు రోజుల నిద్ర తక్కువైతేనే ఉప్పు డబ్బా ఫ్రిజ్‌లో, పాలు అలమరలో పెట్టాను.

జూన్ 18

ఈ రోజుది నా తప్పు. వివరంగా రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయాలి.

మగదాని వంతు ఈరోజు నాలుగున్నరకి. నోట్‌బుక్‌లో 4:30 అని రాసుకుని, పక్కన ఏమీ పెట్టకుండా పడుకున్నాను. లేచాను. వాచీలో మూడు ముప్పావు. బయట ఎండ. ఎండ ఎప్పుడూ ఉంటుంది. హడావుడిగా బూట్లేసుకుని పరిగెత్తి, పలక చాటున పడుకుని స్కోప్ పెట్టాను. గూట్లో పిట్ట కూర్చుని ఉంది. నాలుగున్నరైంది. ఎవరూ రాలేదు. అయిదు. అయిదున్నర. చుట్టూ లాంగ్‌స్పర్లు గొంతు చించుకుని పాడుతున్నాయి, దోమలు ముక్కులో దూరుతున్నాయి. గూట్లో పిట్ట ఒక కన్ను మూస్తుంది, తెరుస్తుంది. ఆరింటికి గుండె జారింది. రెండోపిట్ట చచ్చిపోయి ఉంటుందనుకున్నాను. యేగర్ పక్షి పట్టుకుపోయిందేమో, నక్క తిన్నదేమో.

పరుగున తిరిగొచ్చి వంటగది తలుపు తీశాను. అందరూ భోంచేస్తున్నారు.

"పసుపుకడియం రాలేదు" అన్నాను.

నాయకురాలు చెంచా కింద పెట్టింది. "ఎన్నింటికి చూశావు?"

"నాలుగున్నర నుంచి."

"ఏ నాలుగున్నర?"

అప్పుడు వెలిగింది. నేను పోయింది సాయంత్రం నాలుగున్నరకి. తెల్లవారుజామున రావాల్సిన మగవాడు సమయానికే వచ్చి, పది గంటల పైన పొదిగి, ఆడదానికి అప్పజెప్పి వెళ్లిపోయాడు కూడా. నేను పన్నెండు గంటలు వెనకబడి, మూడింటికి ఎక్కి కూర్చున్న తెల్లకడియాన్ని చూస్తూ, ఇంకా రాత్రి వంతే సాగుతోందనుకున్నాను. కడియం రంగు చూసుకోలేదా అని కుర్రాడు అడిగాడు. గూట్లో కూర్చున్న పిట్టకి కాళ్లు కనబడవు నాయనా.

ఎవరూ తిట్టలేదు. నాయకురాలు నా నోట్‌బుక్ తీసుకుని అట్ట లోపల ఇరవై నాలుగు గంటల పట్టిక గీసి ఇచ్చింది. "నాకూ మొదటేడు ఇలాగే అయింది" అంది. మర్యాదకి అన్నదో, నిజమో.

జూన్ 19

పొగమంచు. 02:30కి మగవాడు, 13:00కి ఆడది. రెంటికీ వెళ్లాను, రెండూ చూశాను. మిగతా వేళంతా పడుకున్నాను.

జూన్ 20

వంతు 00:30కి అయిపోయింది. గుడిసెకి పోబుద్ధి కాక అక్కడే కూర్చున్నాను. మాకు ఎలుగుబంట్ల కాపలాకి ఒక పెద్దాయన వస్తాడు, ఇన్యూపియాట్ మనిషి, భుజాన తుపాకీ. తీరం దగ్గర కాబట్టి తెల్ల ఎలుగు ఎప్పుడైనా రావచ్చు. ఆయన కూర్చోడు, చుట్టూ తిరుగుతూ దుర్బీనులో దిక్కులన్నీ చూస్తుంటాడు.

ఒంటిగంట దాటాక ఏదో మారింది. ఏమిటో వెంటనే తెలియలేదు. పెద్దాయన చెయ్యెత్తి, చెవి చూపించాడు. పాట ఆగిపోయింది. పగలంతా గాల్లోకి లేచి పాడుతూ దిగే లాంగ్‌స్పర్లు ఒక్కటీ లేదు. సూర్యుడు ఉత్తరాన, నేలకి నాలుగైదు డిగ్రీల ఎత్తున. మధ్యాహ్నం అదే సూర్యుడు నలభై రెండు డిగ్రీల మీద ఉంటాడు. వెలుగు పసుపు తిరిగి ఎరుపెక్కింది, గడ్డిపోచకి కూడా బారెడు నీడ. నా ఊపిరి పొగలా కనబడింది. దిగడు గానీ వాలతాడు; లాంగ్‌స్పర్‌కి ఆ వాలు చాలు. అది ఇరవై నాలుగు గంటల మనిషి, మొదటి దారిది. రాత్రి లేని చోట కూడా దానికి రాత్రి ఉంది.

మూడున్నరకి ఒకటి లేచి పాడింది. పక్కది అందుకుంది.

పొద్దున్నే కబురు: 12వ గూడు పోయింది. అది రెడ్ ఫాలరోప్‌ది. ఆ జాతిలో రంగు ఆడదానిది, పొదిగే పని మగదానిది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఒక్కడే పొదిగేవాడు తిండికి లేవాలి కాబట్టి, గుడ్లు త్వరగా చల్లారని వెచ్చటి వేళలు చూసుకుని లేస్తాడు, చలివేళ గట్టిగా కూర్చుంటాడు. వీడి గూటి టెంపరేచర్ గీత కూడా అలాగే ఉండేది. కుర్రాడు లాప్‌టాప్‌లో చూపించాడు. ముప్పై అయిదు డిగ్రీలు దాటి ఒక గీత, మధ్యమధ్య పంటి గాట్లలా చిన్న చిన్న పల్లాలు: తిండికి లేచిన వేళలు. 05:40 దగ్గర గీత దిగింది, మళ్లీ లేవలేదు. మెల్లిగా వంగుతూ మూడు డిగ్రీల దగ్గర, నేల చలి దగ్గర, చదునైపోయింది. గూటి దగ్గరికి వెళ్తే పెంకు ముక్క ఒక్కటే. యేగర్ పని అన్నారు. నాయకురాలు పట్టికలో ఒక అక్షరం కొట్టి, యాంటెన్నా తీగ చుట్టుకుని సంచీలో వేసింది.

22:30కి నా జంట వంతు మార్చుకుంది. ఆ ఇరవై సెకన్లూ ఊపిరి బిగపట్టి చూశాను.

జూన్ 21

ఏడాదిలోకెల్లా పొడవైన పగలు అని క్యాలెండర్ అంటుంది. ఇక్కడ నలభై రోజులుగా అదే పగలు.

09:00కి తెల్లకడియం ఎక్కింది. మళ్లీ 20:30 దాకా నాకు పని లేదు. పెద్దాయన ఊళ్లోకి తీసుకుపోయాడు. నలుకాటక్ జరుగుతోంది. వసంతంలో తిమింగలం దొరికిన పడవల వాళ్లు ఊరందరికీ పెట్టే పండగ. గాలి ఆపడానికి చుట్టూ గుడారపు గుడ్డలు, మధ్యలో జనం, ఎవరి గిన్నెలు వాళ్లు తెచ్చుకున్నారు. మాంసం, తిమింగలం చర్మంతో ఉన్న కొవ్వు పంచుతూనే ఉన్నారు. సీల్ తోళ్లు కుట్టిన దుప్పటిని చుట్టూ నలభై మంది పట్టుకుని లాగితే మధ్యలో నిలబడ్డ అమ్మాయి గాల్లోకి లేచింది. అంత ఎత్తునుంచి సముద్రపు మంచు ఎంత దూరం కనబడుతుందో అనుకున్నాను.

"ఎప్పటిదాకా సాగుతుంది?" అని అడిగాను.

"అయ్యేదాకా" అన్నాడు పెద్దాయన. కాసేపాగి, "పనున్నప్పుడు మెలకువగా ఉంటాం, నిద్రొస్తే పడుకుంటాం. గడియారం స్కూలు పిల్లలకి" అన్నాడు. నవంబరు మూడో వారం నుంచి జనవరి మూడో వారం దాటేదాకా ఇక్కడ సూర్యుడే రాడు. ఆ రెండు నెలల గురించి అడిగితే చెయ్యి ఊపేశాడు, అది ఇంకో కథ అన్నట్టు.

20:30కి గూటి దగ్గర నేనున్నాను. పసుపుకడియం అయిదు నిమిషాలు ముందే వచ్చేశాడు. తెల్లకడియం లేవలేదు. పక్కనే నిలబడి రెండుసార్లు పిలిచాడు. లేవలేదు. మెడ కిందికి ముక్కు దూర్చి తోసినంత పని చేశాడు. అప్పుడు లేచింది. ఇది యంత్రానికి తెలియదు. ఒక పేజీ రాశాను.

జూన్ 22

గూళ్ల దగ్గర లెక్కలు రాసుకునే యంత్రాలు, లాగర్లన్నీ తెచ్చి డేటా దించారు. నా జంట పటం చూపించారు. రోజుకొక వరస, ఆడదాని వంతు ఒక రంగు పట్టీ, మగదానిది ఇంకోటి. వరస కింద వరస పేర్చితే పట్టీలు మెట్లలా ఎడమవైపుకి జారుతూ పోయాయి. నేను బురదలో పడుకున్న గంటలన్నీ అందులో ఉన్నాయి. జూన్ 18న నేను తప్పిపోయిన 04:30 కూడా ఉంది, పసుపు పట్టీ నిక్షేపంగా మొదలైంది.

ఇదే జాతి కూడా ఇంకోచోట ఇంకోలా ఉంటుందట. మార్టిన్ బుల్లా, ఇంకా ఎంతోమంది కలిసి 32 జాతులు, 729 గూళ్ల లెక్కలు 2016లో నేచర్ పత్రికలో వేశారు. ఒక్కో వంతు గంట నుంచి పంతొమ్మిది గంటల దాకా. ఒక చుట్టు తిరగడానికి ఆరు గంటల నుంచి నలభై మూడు గంటల దాకా. ఆకలి వల్ల ఈ తేడాలు వస్తాయేమో అనుకుంటే, అది కాదని తేలింది. శత్రువుని చూడగానే లేచి తరిమే జాతులవి చిన్న వంతులు. నా వాళ్లలా గడ్డిలో గడ్డిగా కలిసిపోయి దాక్కునేవాళ్లవి పెద్ద వంతులు. ఎన్నిసార్లు గూటికి వచ్చిపోతే అన్నిసార్లు గూటి చోటు బయటపడుతుంది కదా. పదకొండు గంటలు కదలకుండా కూర్చునే ఓపిక ఎక్కడిదో అనుకునేవాణ్ని. ఓపిక కాదు, భయం.

జూన్ 23

మధ్యాహ్నం విమానం. అందరికీ వీడ్కోలు చెప్పి, బూట్లు కడిగి, ఎయిర్‌పోర్టుకి వచ్చాను. సముద్రం మీదనుంచి పొగమంచు లేచి రన్‌వే కనబడకుండా పోయింది. రెండుసార్లు మోత వినబడింది, దిగలేదు, తిరిగి వెళ్లిపోయింది. రేపు తొమ్మిదికి అన్నారు.

గుడిసెకి తిరిగొస్తే నా మంచం మీద అప్పటికే ఎవరి సామానో ఉంది. వంటగదిలో బెంచీ ఇచ్చారు. పట్టిక తీసి చూశాను: పసుపుకడియం 16:30కి ఎక్కాడు, తెల్లకడియం 03:00కి రావాలి.

"ఎలాగూ నిద్ర రాదుగా" అంది నాయకురాలు, తనే స్కోప్ అందిస్తూ.

జూన్ 24

02:20కి వెళ్లి పడుకున్నాను. పొగమంచు వల్ల నలభై మీటర్లు కూడా సరిగ్గా కనబడక, ఇంకో పది మీటర్లు ముందుకి పాకాల్సి వచ్చింది. లాంగ్‌స్పర్లు నిద్రపోతున్నాయి. దూరంగా ఎక్కడో ఒక పెక్టోరల్ మగవాడు ఒంటరిగా హూ, హూ. సీజను అయిపోవచ్చింది, వాడికి ఇంకా తెలిసినట్టు లేదు.

02:45. పసుపుకడియం వీపు మీద సన్నటి నీటి చుక్కలు. ఒక కన్ను మూత పడి ఉంది. 03:00. ఏమీ లేదు. 03:10. నాకు 12వ గూటి గీత గుర్తొచ్చింది. ఇంకా ఏమీ లేదు.

అప్పుడు కిచకిచ. ఎటునుంచో తెలియలేదు. అతను మాత్రం సరిగ్గా ఎడమకి తల తిప్పాడు. పొగమంచులోంచి ఆవిడ పరిగెత్తుకొచ్చి, ఆగి, మళ్లీ పరిగెత్తుకొచ్చింది. ఎడమకాలికి తెలుపు. అతను లేచి, నాలుగడుగులు నడిచి, ఒక ఆకు తీసి వెనక్కి విసిరి, నీళ్లున్న వైపు పోయాడు.

03:17 అని రాసి, గడ్డకట్టిన వేళ్లని చంకల్లో దోపుకున్నాను. పొగమంచు ఇంకా విడలేదు.